డివైడర్‌కి అవతల

శనివారం వస్తోందంటే కమలాదేవికి శుక్రవారం సాయంత్రం నుంచే మనసు మనసులో ఉండేది కాదు.

శృంగవరపుకోటలో అరకు వెళ్లే రోడ్డుకి ఎడమ పక్కన ఆమె ఇల్లు. సరిగ్గా ఎదురుగా, కుడి పక్కన, భర్త భీమశంకరరావు కిరాణా కొట్టు. కాపురానికి వచ్చిన ముప్ఫయ్యేళ్లలో ఆ రోడ్డు దాటడం ఆమెకి వంటింట్లోంచి పెరట్లోకి వెళ్లినంత పని. పొయ్యి మీద పప్పు పడేసి, కొట్లోకి వెళ్లి చింతపండు తెచ్చుకుని, పప్పు ఉడికేలోగా వచ్చేసేది. ఇప్పుడు రోడ్డు మధ్యన నడుమెత్తు డివైడర్ కట్టారు. కొట్లోకి వెళ్లాలంటే అటు జంక్షన్ దాకానో, ఇటు పెట్రోలు బంకు దాకానో నడిచి చుట్టి రావాలి.

శని, ఆదివారాలైతే అదీ లేదు. కొండ మీద మంచు చూడ్డానికి బయల్దేరిన కార్లు తెల్లారేసరికి గుమ్మం ముందు బారులు తీరేవి. హారన్లకి పూజగదిలో గంట తనకే వినిపించేది కాదు. ఎవరో ఒకరు గేటు తీసుకుని లోపలికొచ్చి, “ఆంటీ, వాష్‌రూమ్ వాడుకోవచ్చా?” అనేవారు. మొదట్లో పాపమని రానిచ్చింది. పక్కన లాడ్జి వాళ్లు బోరు వేయించాక నూతిలో నీళ్లు అడుగంటాయి. అప్పట్నుంచి గేటుకి తాళం వేసుకుని కూర్చుంటోంది.

పాతపట్నంలో ఉన్న కూతురు హైమ ఫోన్ చేస్తే ఒకటే మాట. “నీకేటమ్మా, రోజూ కొండలు చూస్తావు. మా తోడికోడలు ఒక్కసారి తీసుకెళ్లమని చంపుకు తింటోంది.”

కొండలు కనబడి రెండేళ్లయింది. పక్కన ఆ లాడ్జి మూడంతస్తులు లేచి అడ్డం వచ్చింది. ఆ మాట చెబితే హైమ నమ్మదు.

భీమశంకరరావుకి మాత్రం బేరం బాగుంది. బెల్లం, పసుపు వెనక్కెళ్లి, నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు ముందుకొచ్చాయి. “ఊరు పెరుగుతోందే కమలా, సంతోషించు,” అనేవాడు. అంటూనే మోకాళ్లు పట్టుకునేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చే అలవాటు పోయి ఏడాది దాటింది.

పుష్యమాసంలో ఒక ఆదివారం పదకొండింటికి ఎండుచేపలమ్మే తాతమ్మ వచ్చింది. భోగాపురం పక్క సముద్రపు ఒడ్డు ఊరు ఆమెది. వారానికోసారి ఎండుచేపలు తెచ్చి ఇక్కడ అమ్ముకుని పోతుంది. కమలాదేవి ఇంట్లో చేపల వాసన పడదు గనక గంప గేటు బయటే దించి, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్తుంది. ఇరవయ్యేళ్ల అలవాటు. ఆ రోజు గంప దించడం దించడమే గేటు స్తంభానికి ఆనుకుని కూలబడిపోయింది.

“ఏటయిందే తాతమ్మా?”

“ఏటో అమ్మా... గుండిమీద ఎవులో రాయెట్టినట్టున్నాది. ఎడం సెయ్యి లాగేస్తన్నాది.”

మొహం నిండా చెమట. చలికాలంలో ఆ చెమట చూసి కమలాదేవి ఫోన్ కోసం లోపలికి పరుగెత్తింది. అంబులెన్సుకి ఫోన్ చేసింది. బయల్దేరింది గానీ జంక్షన్ అవతల కార్ల మధ్య ఇరుక్కుందన్నారు. ఆటోవాడిని పిలిస్తే, “ఎక్కడికని కదుల్తానమ్మా? సూడండి,” అని చెయ్యి చూపించాడు. ఆసుపత్రి కిలోమీటరు కూడా లేదు.

ఆమె రోడ్డు అంచుకొచ్చి కొట్టు వైపు అరిచింది. వినబడలేదు. ఫోన్ చేసింది. “ఏవండీ, బస్తాల బండి పట్టుకుని రండి. తాతమ్మ చచ్చిపోయేలా ఉంది!”

అరవై దాటిన భీమశంకరరావు ఏ రోజూ పరుగెత్తి ఎరగడు. ఇద్దరు బేరగాళ్లని సాయం అడిగి తోపుడు బండిని డివైడర్ మీంచి ఎత్తించి, పంచె పైకి దోపుకుని తనూ ఎక్కి దూకాడు. దూకడంలో మోచెయ్యి గీరుకుపోయినా చూసుకోలేదు. బియ్యపు గోనెలు పరిచి తాతమ్మని పడుకోబెట్టారు. ఆయన తోస్తున్నాడు. ఆమె ముందు నడుస్తోంది.

కార్ల అద్దాల మీద అరచేత్తో కొట్టుకుంటూ పోయింది కమలాదేవి. “కొంచెం పక్కకి తియ్యండి బాబూ! గుండెనొప్పి మనిషి!” కొందరు తీశారు. ఒకాయన అద్దం దించి, “పెయింట్ పోతుందండీ, చూసి కొట్టండి,” అన్నాడు. ఒక పిల్ల సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తోంది. గొంతెత్తి మాట్లాడితే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో అని ముప్ఫయ్యేళ్లు నెమ్మదిగా బతికిన మనిషి, ఆ వేళ నడిరోడ్డు మీద చెయ్యెత్తి నిలబడి, “ఆపరా బండి!” అని అరిచింది. కారు ఆగింది. ఆ వెనక బస్సూ ఆగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సూది మందు వేసి విజయనగరం పంపించింది. “ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదండీ,” అంది.

తాతమ్మ బతికింది. కానీ కమలాదేవికి నిద్రలో కూడా కార్ల అద్దాలు కొడుతున్నట్టే ఉండేది. వారం తిరక్కుండా ఆ వీధి వాళ్ల చేత సంతకాలు పెట్టించి, డివైడర్‌కి తమ ఇంటి ఎదర దారి విడవమని రోడ్ల ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్లింది. ఒకసారి కాదు, అయిదుసార్లు. నెలన్నరకి డివైడర్ రెండు బారల మేర పగలగొట్టారు.

మొదటి ఆదివారమే అరకు నుంచి దిగే కార్లు లాడ్జి కోసం అక్కడ వెనక్కి తిప్పుకోవడం మొదలెట్టాయి. అటూ ఇటూ అడ్డం పడి, మనిషి పట్టే సందు కూడా లేకుండా పోయింది. భీమశంకరరావు కొట్టు గుమ్మంలో, కమలాదేవి ఇంటి గుమ్మంలో నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆయన క్యారేజీ కోసం మూడింటి దాకా ఆగి చివరికి బన్ను తిన్నాడు.

“ఎక్కడికేనా పోదామండీ,” అంది ఆ సాయంత్రం.

“ఎక్కడికే? బేరం ఇక్కడుంది.”

బుధవారం నాడు ఒక్కతే బస్సెక్కి తాతమ్మని చూడబోయింది. ఇసుకలో పడవ నీడన ఇద్దరూ కూర్చున్నారు. తాతమ్మ చిక్కిపోయింది. కొడుకు శివాజీ ఇక గంప ఎత్తనివ్వడం లేదట. అలల చప్పుడు తప్ప మరేమీ లేదు. అయినా కమలాదేవి ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయింది.

“ఎంత హాయిగా ఉందే మీ ఊరు.”

“ఏటి హాయి కమలమ్మా? అదిగో, అటు సూడు.”

చేపలు ఎండబెట్టే మెరక మీద వరసగా మేకులు, వాటికి ఎర్రగుడ్డ పీలికలు. విమానాశ్రయం పక్కనే గనక పెద్ద హోటలు వస్తుందట.

“మా శివాజీ సంబరపడిపోతన్నాడు, కారు తోలే పని దొరుకుతాదని. నానూ కాదన్లేదు. సేపలెండబెట్టుకోడానికి కూసింత సోటు ఉంచండి బాబూ అన్నాను. అలాగేలే అన్నారు.”

“ఎవరన్నారు? ఏదైనా కాయితం ఇచ్చారా?”

“ఆ మేకులు పాతినోల్లే. కాయితమేటి? నోటితోనే.”

కమలాదేవి లేచి నిలబడింది. “మేం డివైడర్ కట్టేదాకా ఊరుకున్నాం తాతమ్మా. అంతా అయ్యాక అడిగాం. నువ్వు ఇప్పుడే అడుగు. ఈ ఊళ్లో చేపలు ఎండబెట్టుకునేవాళ్లు ఎంతమంది?”

“పాతిక గడపలుంటాయి.”

“పిలువు అందర్నీ. ఒక కాయితం, పెన్నూ తెప్పించు.”

శివాజీ కూతురు బడి నోట్‌బుక్కులోంచి రెండు పేజీలు చింపి తెచ్చింది. కమలాదేవి పడవ చెక్క మీద కాగితం పెట్టుకుని, గాలికి ఎగరకుండా మోచేత్తో నొక్కి రాయడం మొదలెట్టింది. ఆడవాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి చుట్టూ చేరారు. తను తిరిగి వెళ్లాల్సిన రెండు గంటల బస్సు వెళ్లిపోయింది. ఆమె తలెత్తలేదు. “తరువాత పేరు చెప్పండి,” అంది.