లోపల మనిషి పలికితే

ఆ వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అనే పిలిచేవారు. భార్య తరఫు బంధువులు కూడా ‘మా తాళాల బావ’ అనేవారు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మంలో నిలబడ్డ వాళ్ళకి ఆయన దేవుడితో సమానం. తలుపు తెరుచుకున్నాక మాత్రం, ఇంత చిన్న పనికి ఇంత కూలా అని మొహం చిట్లించేవారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా?

ఆయన పనిలో ఒక నియమం ఉంది. అది తండ్రి పెట్టింది. పరాయి తలుపు తెరిచే ముందు, లోపల ఎవరూ లేరని ఇంటివాళ్ళే ఒట్టేసి చెప్పినా సరే, మూడుసార్లు తట్టాలి. తట్టి, తలుపుకు చెవి ఆనించి ఆగాలి. ఎవరూ పలకకపోతేనే పనిముట్లు తీయాలి. లోపల మనిషి పలికితే తాళం ముట్టుకోకూడదు. ‘తాళం ఎవరిదైనా కానీ, తలుపు మాత్రం లోపలున్న మనిషిదిరా’ అనేవాడు తండ్రి. ఖాళీ గిడ్డంగి ముందు కూడా నిలబడి తట్టి, మర్యాదగా జవాబు కోసం ఎదురుచూసే మనిషిని చూసి జనం నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు తాళాలాయన.

ఆ నియమమే ఆయన కొంప ముంచింది.

ఆరేళ్ళ కిందటి మాట. ఒక మేడ మీద ఒంటరిగా ఉండే మామ్మగారు బయటికి వచ్చి రెండు రోజులైందని పక్కింటివాళ్ళు కబురు పెట్టారు. తాళాలాయన వెళ్ళాడు. తట్టాడు. చెవి ఆనించాడు. లోపలి నుంచి మాట వచ్చింది. అందులో కంగారు లేదు, మూలుగు లేదు. గుమ్మంలోకి వచ్చిన చుట్టానికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

“ఇప్పుడొద్దు నాయనా, రేపు రా.”

“పెద్దావిడ బాగానే ఉన్నారండీ, రేపు రమ్మంటున్నారు” అని చెప్పి, సంచి భుజాన వేసుకుని ఆయన మెట్లు దిగిపోయాడు. పక్కింటివాళ్ళు ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మర్నాడు తట్టితే జవాబు లేదు. తాళం తీసి తలుపు తోస్తే సగం తెరుచుకుని ఆగిపోయింది. మామ్మగారు తలుపు వెనకే పడి ఉన్నారు. ఒక చెయ్యి గడియ వైపు చాచి ఉంది. కింద పడి చాలాసేపయిందని, నిన్ననే ఎవరైనా తెరిచి ఉంటే బతికేవారేమోనని వచ్చిన డాక్టరు అన్నాడు. డాక్టరు ఆ మాట అనేసి తన దారిన తాను వెళ్ళిపోయాడు. ఆ ‘ఏమో’ మాత్రం తాళాలాయన వెంటపడి ఇంటికి వచ్చింది.

అప్పటినుంచి ఏ తలుపైనా మూడోసారి తట్టగానే ఆయన చెవిలో ఆ గొంతు పలికేది. ప్రతిసారీ కాదు. ప్రతిసారీ అయితే అలవాటైపోయేది. ఎప్పుడు పలుకుతుందో తెలియకపోవడమే నరకం. చివరికి తట్టే పని కూతురికి అప్పగించాడు. ఈ పని నీకొద్దే తల్లీ అని ఎంత మొత్తుకున్నా వినకుండా దుకాణంలో కూర్చున్న పిల్ల ఆమె. వీధిలో వాళ్ళు చిన్నమేస్త్రి అంటారు. చెయ్యి తండ్రి చెయ్యి కంటే చురుకు, నోరు తల్లి నోటి కంటే చురుకు.

ఇలా ఉండగా ఆయన గొంతు మొరాయించింది. తిన్న ముద్ద ఛాతీ వెనక ఎక్కడో ఆగిపోయేది. మొదట్లో నెపం భార్య మీదికి నెట్టాడు.

“నీ వంట దిగనంటోందే.”

“పెళ్ళయిన దగ్గర్నుంచీ దిగిన వంట ఇప్పుడెందుకు దిగదండీ? వంటకేం రోగం? మీరు చూపించుకోండి” అంది ఆవిడ.

గొంతులో వెలక్కాయ పడ్డట్టు అంటారే, అది ఆయనకి మాట వరసకి కాకుండా నిజంగానే అనుభవంలోకి వచ్చింది. బెల్టుకి కొత్తగా ఒక బెజ్జం పొడిచాడు. కొన్నాళ్ళకి ఇంకొకటి పొడవాల్సి వచ్చింది. ఆయన తండ్రీ ఇలాగే పోయాడు. ఆఖరికి మంచినీళ్ళు కూడా దిగలేదు. ఎంతమంది చెప్పినా ఎవరికీ చూపించుకోలేదు. ‘తెరిస్తే కదరా లోపల ఏముందో తెలిసేది. తెరవకపోతే ఏమీ లేనట్టే’ అన్నాడు. ఊళ్ళో వాళ్ళ తలుపులన్నీ తెరిచి బతికిన మనిషి అన్న మాట అది.

చివరికి భార్య పోరు పడలేక తాళాలాయన ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ విషయం దాచలేదు. నోట్లోంచి సన్నటి గొట్టం దించి, దాని చివర కెమెరాతో లోపలంతా చూసి, అవసరమైతే చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపాలంది. “ఇప్పుడైతే ఏం ఉన్నా దారి ఉంటుంది. ఆలస్యం చేస్తే నేను మాట ఇవ్వలేను” అంది.

ఒక తేదీ ఇచ్చారు. ముందురోజు తాళాలాయన ఫోన్ చేసి వాయిదా వేశాడు. మళ్ళీ ఒక తేదీ ఇచ్చారు. మళ్ళీ ఫోన్ తీశాడు. “ఇప్పుడొద్దండీ, రేపు చూద్దాం” అని పెట్టేసేసరికి భార్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

“ఎవరొచ్చారండీ?”

“ఎవరూ రాలేదే.”

“ఎవరో పెద్దావిడ మాట్లాడినట్టు వినబడితేనూ...” అని వాకిలి దాకా వెళ్ళి చూసి వచ్చింది.

తాళాలాయన చేత్తో గొంతు తడుముకున్నాడు. ఇన్నాళ్ళూ తలుపుల వెనక ఉన్న గొంతు తన గొంతులోకి దిగింది. ముద్ద ఆగిన చోటే ఆ మేడ మీది ముసలావిడా ఆగింది. ఈ మాట ఎవరితో అంటాడు? అంటే పరీక్ష గొంతుకి కాదు, తలకి చేయించమంటారు. మింగలేక కక్కలేక నోరు మూసుకున్నాడు. భయమేసింది. చావు అంటే వేసే భయం కాదు అది, అది వేరేగా ఉంది. గొట్టం లోపలికి వెళ్తే ఆ కెమెరాకి ఆవిడ కనిపిస్తుందేమోనని, గడియ వైపు చెయ్యి చాచి, ఇంకా అక్కడే పడి ఉంటుందేమోనని భయమేసింది.

మూడోసారి తేదీ చిన్నమేస్త్రి తీసుకుంది. తండ్రి ఫోన్ తన దగ్గరే పెట్టుకుంది.

ఆ పొద్దున ఆయన పరగడుపున తయారై, పనిముట్ల సంచి కూడా భుజాన వేసుకున్నాడు. అదెందుకు నాన్నా అంటే, దారిలో ఎవరైనా పిలవచ్చు కదా అన్నాడు. వీధిలో పలకరించిన వాళ్ళకి “ఆస్పత్రిలో పనుంది” అని చెప్పాడు. అబద్ధమూ కాదు. టీకొట్టాయనకి మాత్రం సంగతి తెలుసు. “మా తోడల్లుడికీ ఇదే గొట్టం వేశారు. పాపం, మంచి మనిషి” అన్నాడు. అక్కడితో ఆపి ఇంకెవరికో టీ పోశాడు. చిన్నమేస్త్రి అతని వైపు చూసిన చూపుకి పాలు విరగాల్సింది.

ఆస్పత్రిలో కూర్చున్నంతసేపూ తాళాలాయన తలుపులనే చూశాడు. ఆ తలుపు మడతబందు కిర్రుమంటోంది, నూనె చుక్క వేస్తే చాలు. ఈ గొళ్ళెం తలకిందులుగా బిగించాడు, ఎవడో కొత్తవాడు. కూతురు ఊఁ కొడుతూ కూర్చుంది. ఆయన మోకాలు ఆడుతూనే ఉంది. ఆమె దాని మీద చెయ్యి వేసింది.

నర్సమ్మ వచ్చి పిలిచింది. “పెద్దాయనా, ఆ గదిలో చొక్కా మార్చుకుని ఈ గౌను వేసుకోండి. వాచీ, కట్టుడు పళ్ళు ఉంటే తీసేయండి. అయిదు నిమిషాల పని, భయమేం లేదు.”

భయమేం లేదని చెప్పే వాళ్ళెవరూ గొట్టం మింగేవాళ్ళు కారు.

గది ఇరుకుగా ఉంది. ఒక కొక్కెం, ఒక స్టూలు, ఒక బల్బు. తలుపుకి పాతకాలపు తాళం, లోపలి వైపు బెజ్జంలో తాళంచెవి ఉంది. తాళం కనబడితే తిప్పి చూడకుండా ఉండలేడు ఆయన. అలవాటు కొద్దీ తిప్పాడు. లోపల గడియ గట్టిగా పడింది. మంచి తాళమే అనుకున్నాడు. చొక్కా తీసి కొక్కానికి తగిలించి, గౌను వేసుకుని, తిరిగి తాళంచెవి దగ్గరికి చెయ్యి చాచాడు.

చెయ్యి కదల్లేదు. తాళంచెవికి బెత్తెడు దూరంలో వేళ్ళు ఆగిపోయాయి. ఊరందరి తలుపులూ తెరిచిన చెయ్యి అది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అయింది ఆయన పని.

బయట కూతురు తట్టింది. ఆయన నేర్పినట్టే, మూడుసార్లు.

“నాన్నా, అయిందా?”

ఆయన నోరు తెరిచాడు. వచ్చేస్తున్నానమ్మా అని చెబుదామనుకున్నాడు.

“ఇప్పుడొద్దు... రేపు...”

నెమ్మదిగా, చుట్టానికి చెప్పినట్టు వచ్చింది మాట. కంగారు లేదు, మూలుగు లేదు. ఆ మాట తన నోట్లోంచే వస్తుంటే, తన చెయ్యి గడియ వైపు చాచి ఉండటం చూసుకున్నాడు.

ఆరేళ్ళుగా వినబడుతున్న మాట అప్పుడు ఆయనకి అర్థమైంది. రావద్దని కాదు ఆవిడ అన్నది. కింద పడ్డ మనిషి, చెయ్యి అందక, ఒంటరిగా, భయపడి ఉంది. భయపడ్డ మనిషి నోటికి తెలిసిన మాట ఒక్కటే, రేపు. ఆ మాట విని తను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

బయట నర్సమ్మ చెప్పుల చప్పుడు దూరమైంది. తరువాత అంతా నిశ్శబ్దం. లోపల మనిషి పలికితే తాళం ముట్టుకోకూడదు. కూతురికి చిన్నప్పటినుంచీ నూరిపోసింది తనే. అది మాట తప్పే పిల్ల కాదు. వెళ్ళిపోయి ఉంటుంది. వాళ్ళమ్మకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆస్పత్రి గుమ్మం దాటుతూ ఉంటుంది. తాళాలాయనకి ఏడుపొచ్చింది. వెళ్ళకే తల్లీ అని అరవాలనుకున్నాడు. గొంతులో ఆవిడ అడ్డంగా ఉంది, మాట పైకి రాలేదు.

టింగుమని చప్పుడైంది. తాళంచెవి బెజ్జంలోంచి జారి ఆయన కాళ్ళ దగ్గర పడింది.

బయటి నుంచి ఎవరో సన్నటి కడ్డీతో దాన్ని తోసేశారు. ఆ తరువాత తాళం లోపల గీరుతున్న చప్పుడు వినిపించింది. వంపు తిరిగిన కడ్డీతో లోపలి రేకుల్ని ఒక్కొక్కటీ తడుముతున్నారు. ఆ కడ్డీ, బయట కూతురి దగ్గర వదిలిన తన సంచిలోదే. చప్పుడును బట్టి పోల్చుకున్నాడు. చెవి తలుపుకి ఆనించాడు. ఒక రేకు లేచి జారిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ జారింది. ఇక ఆగలేకపోయాడు.

“కింది రేకు కాదే, ముందు పైది లేపు.”

ఈసారి పలికింది ఆయన గొంతే. బొంగురుగా, విసుగ్గా ఉంది.

బయట చప్పుడు ఒక్క క్షణం ఆగింది. “తెలుసులే” అంది కూతురు.

“తెలిస్తే ఇంతసేపా? మెల్లగా. ఎడమకి. ఆఁ, అక్కడే పట్టుకో.”

గడియ వెనక్కి వెళ్ళింది. తలుపు తెరుచుకుంది. చిన్నమేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయి ఉంది.

“లోపల మనిషి పలికితే తాళం ముట్టుకోకూడదని చెప్పానా లేదా?” అన్నాడు తాళాలాయన.

“చెప్పావు” అంది కూతురు. “పలికింది నువ్వయితే ముట్టుకునేదాన్నే కాదు.”

అని, ఆయన భుజం మీదుగా గదిలోకి చూసింది. ఆయనా వెనక్కి తిరిగి చూశాడు. కొక్కెం, చొక్కా, స్టూలు, బల్బు. ఇంకేమీ లేదు. నర్సమ్మ వేరే తాళంచెవి వెతికి పట్టుకొచ్చేసరికి తండ్రీ కూతుళ్ళు పరీక్ష గది ముందు నిలబడి ఉన్నారు.

లోపల చలిగా ఉంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. గొంతులో చేదు మందు కొట్టారు, నాలుక వెనకంతా చెక్కలా మొద్దుబారింది. పళ్ళ మధ్య ఒక ప్లాస్టిక్ వలయం పెట్టారు. గొట్టం నల్లగా, ఆయన అనుకున్నదాని కంటే లావుగా ఉంది. దాన్ని చూడగానే లేచి పారిపోవాలనిపించింది. తలుపు తెరిచే ఉంది కూడా.

“మొదలుపెట్టమంటారా?” అంది డాక్టరమ్మ.

ఆయన వేలు పైకెత్తాడు, ఒక్క క్షణం ఆగమన్నట్టు. ఆ చేత్తోనే మంచం ఇనుప కడ్డీ మీద తట్టాడు. ఒకటి. రెండు. మూడు.

డాక్టరమ్మా నర్సమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట బెంచీ మీద చిన్నమేస్త్రి తల ఎత్తింది.

తాళాలాయన కళ్ళు మూసుకున్నాడు. చెవి ఆనించడానికి ఈసారి తలుపు లేదు. ముద్ద ఆగే చోట, ఛాతీ వెనక, లోలోపల విన్నాడు. తండ్రి నేర్పినంతసేపూ విన్నాడు. ఇంకొంచెం ఎక్కువే విన్నాడు.

ఎవరూ పలకలేదు.

కళ్ళు తెరిచి, తెరవమన్నట్టు డాక్టరమ్మకి చెయ్యి ఊపాడు.