కొసకాయ తీపి

శేషయ్య శెట్టి ద్రాక్ష బేరానికొస్తే గుత్తిలో ఎప్పుడూ కొసకాయే గిల్లుతాడు. గుత్తికి పైకాయ ముందు పండుతుంది, కొసకాయ ఆఖరున. ఆ కొసకాయ రసం తీపి కొలిచే బ్రిక్స్ మీటరు మీద పిండి, "తీపి యాడుందమ్మా?" అని ధర దించేస్తాడు. మహా గడుసు మనిషి! గౌస్‌బీకి ఈ ఎత్తు తెలుసు. తెలిసి ఏం లాభం, నల్లమాడ దాటి ఆమె తోటకొచ్చే వ్యాపారి ఆయనొక్కడే. ఈసారీ పంట అమ్ముడుపోకపోతే తోట పీకేద్దామని మొగుడు ఇమాంసాబ్ తేల్చి చెప్పేశాడు.

ఈ ఏడు వానల్లేవు. బోరు సన్నగా పోసింది. కాయలు బఠానీలంత ఉన్నాయి.

మీటరు కంటికి ఆనించుకున్న శేషయ్య మొహం మారింది. ఇంకో గుత్తి కొసకాయ పిండి మళ్ళీ చూశాడు.

"ఎంతుండాది శెట్టీ?" అంది గౌస్‌బీ.

"ఇరవై రెండు" అని గొణిగాడు. నీళ్ళు బాగా పారిన ఏడు పైకాయకే పద్దెనిమిది దాటలేదు!

"తీపి సరేమ్మా, తూకం యాడొస్తాది? ట్యాంకరు నీళ్ళు తోలించండి, కాయ ఉబ్బుతాది. వారానికొచ్చి కోయిస్తా."

ఇమాంసాబ్ అప్పుడే ట్యాంకరుకు ఫోను చేయబోయాడు. గౌస్‌బీకి ఒళ్ళు మండింది.

"ఫోను లోపల పెట్టయ్యా! ఇంత ఎండినాక ఒక్కసారి నీళ్ళిస్తే కాయ పగుల్తాది. పగలకున్నా తీపి పల్చనైతాది. దప్పికతో ఉండబట్టే కాయ చిన్నదై తీపి చిక్కబడింది, పులుపు దిగింది, తోలు మందమై రంగు పట్టింది. అదంతా తూకం కోసం కడిగేయాల్నా?"

"శెట్టి పోతే ఎవురు కొంటారే?"

ఆ భయం ఆమెకు మాత్రం లేదా? అయినా కత్తెర తీసి టకటకా గుత్తులు కోయడం మొదలుపెట్టింది. కోసిన కాయకు ఇక నీళ్ళెక్కించలేరు.

"కోసేసినావా!" శేషయ్య నోరు తెరిచాడు.

"కోసినా. పుట్టపర్తి బజార్లో కూర్చుంటా. వచ్చినోళ్ళకంతా కొసకాయే ఇస్తా. నచ్చితేనే కొనమంటా."

ఇమాంసాబ్ ఏమనుకున్నాడో ఏమో, ఫోను జేబులో పెట్టి రెండో కత్తెర అందుకున్నాడు.

మర్నాడు బజార్లో కొసకాయ తిన్నవాళ్ళు ఒట్టి చేతుల్తో పోలేదు. మధ్యాహ్నానికి సగం బుట్టలు ఖాళీ అయ్యాయి. అప్పుడొచ్చాడు శేషయ్య, జనాన్ని తోసుకుంటూ.

"ఏమ్మా, తోటలో మిగిలిందంతా నాకిచ్చేయ్. ఎట్లుంటే అట్లే తీసుకుంటా" అంటూ జేబులోంచి మీటరు తీశాడు.

గౌస్‌బీ ఒక కొసకాయ తెంపి చేయి చాపింది.

"మీటరు లోపల పెట్టు శెట్టీ. నోట్లో ఏసుకొని, తీపి యాడుందో అందరూ వినేట్టు చెప్పు."