పోలయ్య మెడలోని బిళ్ళ

నేను ఒక జింకు బిళ్ళను. మీ అరచేతిలో సగం ఉంటాను. నా మీద ఒకే అంకె రెండుసార్లు ఉంటుంది, పైన ఒకసారి, కింద ఒకసారి: 2316. మధ్యలో అడ్డంగా మూడు సన్నని చీలికలున్నాయి. అవి అందానికి కావు. నన్ను వేసుకున్న మనిషి చనిపోతే అక్కడ పట్టుకుని విరవాలి. ఒక ముక్క మనిషితో పాటు మట్టిలోకి, రెండోది ఆఫీసు బీరువాలోకి. జర్మనీలో నన్ను అచ్చుకొట్టినవాడికి నేను ఆ పూట చేసిన వేల బిళ్ళల్లో ఒకదాన్ని. నాకు మాత్రం పుట్టినప్పటి నుంచీ ఒకటే దిగులు, ఎప్పుడు విరుస్తారోనని.

నన్ను గనగళ్ళ పోలయ్య మెడలో వేశారు. భీమిలి పక్కన సముద్రపు ఒడ్డు పేట అతనిది. సరుకుల ఓడలో బాయిలరుకి బొగ్గు వేసేవాడు. తుపాకి ఏనాడూ పట్టలేదు. కానీ ఓడ ఇంగ్లీషువాళ్ళది, ముంచింది జర్మన్లు. నీళ్ళలో తేలుతున్నవాళ్ళను పైకి లాగి, తీసుకెళ్ళి ఉత్తర జర్మనీలో ముళ్ళకంచె వెనక పెట్టారు. వీళ్ళు సైనికులు కారని కాగితం మీద రాసుకున్నారు. కంచె మాత్రం సైనికులకు వేసేదే వేశారు.

మమ్మల్ని ఉంచిన షెడ్డులో ముప్పై మంది కళాసులు, మన దేశపు ఓడ పనివాళ్ళు. పోలయ్య పేటవాడే సూరాడ లచ్చన్న ఒకడు. అదే ఓడలో వంట చేసిన కాకినాడ కరీం సాయిబు ఒకడు. ఉదయం, సాయంత్రం మంచులో వరసగా నిలబెట్టి లెక్కపెట్టేవారు. లెక్కపెట్టే సిపాయి ముఖాలకేసి చూసేవాడు కాదు, అతని కంటికి అందరూ ఒక్కలాగే ఉండేవారు. నన్ను తిప్పి అంకె చూసుకుని ముందుకు కదిలేవాడు. అలా ఆ రెండు నిమిషాలు పోలయ్య ముఖం నేనే.

లచ్చన్న ఓడెక్కేనాటికి అతని భార్య నూకాలుకి ఏడో నెల. పట్టుబడ్డాక రెండేళ్ళ పాటు ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. ఆమె బతికుందో లేదో, పుట్టింది ఆడో మగో తెలియదు. మొదట మాటలు తగ్గించాడు, తర్వాత తిండి మానేశాడు. కంచెకు పది అడుగుల ఇవతల మోకాలెత్తున ఒక తీగ ఉండేది. అది దాటినవాణ్ణి అడగకుండా కాల్చేస్తారు. లచ్చన్న రోజూ ఆ తీగ దగ్గరికి నడిచి, దాని మీద కాలు ఆనించి నిలబడేవాడు. పోలయ్య వెనకాలే వెళ్ళి, ఏదో పని ఉన్నట్టు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. అలాంటప్పుడు పోలయ్య గుండె ఎలా కొట్టుకునేదో దాని మీద పడుకున్న నాకే తెలుసు.

ఆ చలికాలం పోలయ్యకు దగ్గు పట్టుకుంది. వచ్చిన డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, జబ్బు మనుషుల జాబితాలో నా అంకె రాసుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళు తమ దగ్గరున్న జర్మన్ ఖైదీలను ఇస్తే ఇటువైపు జబ్బువాళ్ళను ఇళ్ళకు పంపుతారట. షెడ్డంతా పోలయ్యను కావలించుకుంది. లచ్చన్న కూడా వచ్చి కావలించుకుని, తిన్నగా తీగ వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్న బట్టలు ఉతికే తొట్ల దగ్గర పోలయ్య నన్ను మెడలోంచి తీసి లచ్చన్న మెడలో వేశాడు. లచ్చన్న బిళ్ళ తను వేసుకున్నాడు. లచ్చన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకొద్దురా. నీది జబ్బు."

"దగ్గేగదరా, ఎండలొస్తే అదే పోద్ది. నువ్వు ఇక్కడుంటే ఎండలదాకా ఉండవు. నీకు పుట్టిన గుంటెవులో సూసుకోవా?"

లచ్చన్న ఏడవడం మొదలుపెట్టాడు. పోలయ్య సబ్బు నురగ చేతులతోనే అతని నోరు మూశాడు. "మాయమ్మకి మాత్రం నిజం సెప్పు. ఇంకెవులికీ సెప్పకు. ఇక్కడ తెలిస్తే నన్ను బతకనివ్వరు."

బట్టలు పిండుతున్న కరీం సాయిబు అంతా చూశాడు. తల దించుకుని పిండుతూనే ఉన్నాడు.

గేటు దగ్గర సిపాయి నన్ను చదివి పోలయ్య పేరు పిలిచాడు. లచ్చన్న అలవాటుగా పోలయ్య కోసం వెనక్కి చూశాడు. రెండోసారి పిలిచాక "ఆ" అన్నాడు. అక్కడి నుంచి రైళ్ళు, ఒక ఓడ, ఇంకో ఓడ. ప్రతిచోటా ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి, అతని చేతిలో నేను. ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక కూడా లచ్చన్న నోరు విప్పలేదు, మాట ఎటు తిరిగి ఎక్కడికి చేరుతుందోనని.

వాల్తేరు స్టేషనులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కొడుకు వస్తున్నాడని రేవు ఆఫీసువాళ్ళు పోలయ్య తల్లి అసిరమ్మకు కబురు పెట్టారు. ఆమె తెల్లవారినప్పటి నుంచీ ప్లాట్‌ఫారం మీద నిలబడే ఉందట. పక్కన కాగితాలతో గుమాస్తా. లచ్చన్న రైలు దిగాడు. ఆమె అతని వెనక్కి చూసింది. ఆ పెట్టెలోంచి ఇంకెవరూ దిగలేదు.

గుమాస్తా నన్ను కాగితంతో సరిచూసి, నీ కొడుకేనా అని ఆమెను అడిగాడు. నా జన్మలో అంత పొడుగు నిమిషం లేదు. అసిరమ్మ లచ్చన్న కళ్ళలోకి చూసింది. నన్ను పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నా కొడుకే బాబూ," అంది.

ఇద్దరూ జట్కా ఎక్కి ఊరు దాటారు. అప్పుడడిగింది, ఉన్నాడా అని. నేనొచ్చేనాటికి ఉన్నాడమ్మా అన్నాడు లచ్చన్న. ఆమె తల ఊపింది. ఎందుకిలా చేశారని అడగలేదు.

ఇంటి దగ్గర నూకాలు ఉంది, రెండేళ్ళు దాటిన కూతురుంది. లచ్చన్న మళ్ళీ అన్నం తిన్నాడు. యుద్ధం ముగిసింది. ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. పోలయ్య రాలేదు. వానలు పడుతుండగా ఒక సర్కారు కాగితం వచ్చింది, నూకాలు పేరు మీద. మార్చి నెలలో సూరాడ లచ్చన్న జబ్బుతో చనిపోయాడని, అక్కడే పూడ్చారని పోస్టుమాను చదివాడు. ఎదురుగా వల బాగుచేసుకుంటున్న లచ్చన్నను చూసి పేటంతా నవ్వింది. సర్కారు కాగితం ఇలాగే ఏడుస్తుందన్నారు.

లచ్చన్న ఆ కాగితం పట్టుకుని అసిరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పేరు తప్పైతే మనిషీ తప్పవ్వొచ్చు గదా," అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇరవై మూడేళ్ళు ఎదురుచూసింది. కర్మ చేయనివ్వలేదు. లచ్చన్న నన్ను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఖాకీ బట్టలవాడు కనబడితే జేబు మీద చెయ్యి వేసుకునేవాడు.

విశాఖపట్నంలో కళాసుల సంఘం హాలులో ఆ క్యాంపులో ఉన్నవాళ్ళంతా కలుసుకుంటున్నారని, కరీం సాయిబు వస్తున్నాడని తెలిసినప్పుడు అసిరమ్మ తనూ వస్తానంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఏడుగురు ముసలి కళాసుల మధ్య బెంచీ మీద కూర్చుంది. వాళ్ళు బంగాళాదుంప తొక్కల చారు గురించి చెప్పుకున్నారు, సిపాయిలా నడిచి చూపించారు, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. కరీం సాయిబు నవ్వలేదు. లచ్చన్నను చూసిన దగ్గర్నుంచీ అతని చేతిలో టీ తాగకుండానే చల్లారిపోయింది.

చివరికి అతనే అసిరమ్మ ముందుకొచ్చి నేల మీద కూర్చున్నాడు. పోలయ్యకు దగ్గు ముదిరిందని, మార్చిలో పోయాడని చెప్పాడు. ఆఖరి రోజుల్లో క్యాంపు గుమాస్తా వచ్చి పేరడిగితే సూరాడ లచ్చన్న అనే చెప్పాడట.

"నిజం చెప్పెయ్యనా అని అడిగానమ్మా. వద్దు సాయిబూ, ఆడింకా దార్లో ఉంటాడేమో అన్నాడు. తరవాత నాకు భయమేసింది. అబద్ధం రాయించినందుకు జైల్లో పెడతారనుకున్నాను. ఒక్క కార్డు ముక్క రాయలేకపోయాను."

అసిరమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆఖరున ఏం తిన్నాడని అడిగింది.

"ఖైదీలకు పంపే పార్సిల్లో గుప్పెడు బియ్యం వస్తే గంజి కాచాను."

"ఉప్పేసినావా?"

"వేశానమ్మా. రెండుసార్లు అడిగి తాగాడు."

ఆమె అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రమే సంఘంవాళ్ళు సర్కారుకు ఉత్తరం రాశారు, జర్మనీలో సమాధి మీద ఉన్న పేరు తప్పని. నన్ను బల్ల మీద పెట్టి అంకె ఎక్కించుకున్నారు. వేలిముద్ర వేయడానికి లచ్చన్న చెయ్యి సాగలేదు. తను వేరేవాడి పేరుతో వచ్చానని సర్కారుకు తెలిసిపోతుంది. అసిరమ్మ అతని మణికట్టు పట్టుకోలేదు, తొందరపెట్టలేదు. కొంతసేపటికి అతనే వేశాడు. మర్నాడు సముద్రం ఒడ్డున పోలయ్యకు కర్మ కూడా అతనే చేశాడు.

పోలీసులెవరూ రాలేదు. పదకొండు నెలలకు ఆ శ్మశానం చూసుకునే ఆఫీసు నుంచి సమాధి రాయి ఫోటో ఒకటి వచ్చింది. కరీం సాయిబు కాకినాడ నుంచి వచ్చి రాతి మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు: గనగళ్ళ పోలయ్య. అసిరమ్మకు చూపు ఆనదు. తన వేలు పట్టుకుని ఫోటోలో రాయి ఎక్కడుందో చూపించమంది. తర్వాత అడిగింది, అక్కడ ఎండ కాస్తాదా అని.

"వేసవిలో కాస్తుందమ్మా. చాలాసేపు కాస్తుంది," అన్నాడు కరీం సాయిబు.

ఇప్పుడు నేను అసిరమ్మ ఇంటి గూట్లో ఉంటున్నాను. ఫోటో మాత్రం గూట్లో ఉండదు. పొద్దున్నే లేచి ఆమె దాన్ని వాకిట్లో ఎండపడే చోట నిలబెడుతుంది. నీడ వచ్చినప్పుడల్లా లేచి, ఎండలోకి జరుపుతుంది.