గువ్వ వంతు

పిల్లల చాపల మీద ఏముండదు కనక! చీమిడి, పాలచుక్కలు, నమిలి ఉమ్మేసిన రంగు పెన్సిలు ముక్కలు, ఎవరిదో జడ రబ్బరు. ఆమె డాబా మీద గొంతుక్కూచుని ఒక్కో చాపనీ బ్రష్షుతో తోముతోంది. కింది హాల్లో ప్రతి శనివారం చుట్టుపక్కల ఇళ్ల చిన్నపిల్లలంతా కలిసి ఆడుకుంటారు. ఆటలు అందరివీ, చాపలు మాత్రం ఆమెవి. ఎవరు అప్పగించారంటే ఎవరూ లేరు. మొదటి వారం తను కడిగింది, మరుసటి వారమూ తనే కడిగింది, ఆ పైన అది తన పని అయిపోయింది. ఆడవాళ్లకి పనులు అలాగే అంటుకుంటాయి మరి.

"ఎలాగూ ఇంట్లోనేగా ఉంటావు," అంటాడు భర్త. ఇంట్లో ఉండేవాళ్లకి నడుము నొప్పి రాదని ఆయన గట్టి నమ్మకం. పాపకోసం పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్ ఉద్యోగం మానేసిన రోజు కూడా అదే అన్నాడు, కాకపోతే అప్పుడు కాస్త ప్రేమగా అన్నాడు.

హాలుకి రంగులు వేస్తున్నారనీ, కొన్నాళ్లు ఆటలుండవనీ మొన్న ఆయనే చెప్పాడు. అందుకే ఈ చాపలన్నీ శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టేద్దామని ఆమె కూచుంది. పక్కన నీడలో నాలుగేళ్ల కూతురు గువ్వ బట్టల క్లిప్పులు వరసగా పేర్చుకుంటోంది. గువ్వకి ఇంకా మాటలు రాలేదు. గట్టి చప్పుడైతే చెవులు మూసుకుని అరుస్తుంది.

అసలు ఈ ఆటలు మొదలైందే గువ్వ వల్ల. పార్కుకి తీసుకెళ్తే తల్లులు తమ పిల్లల్ని మెల్లగా పక్కకి లాక్కునేవాళ్లు. ఆ లాక్కోవడంలో ఎంత మర్యాదో! దాంతో ఒళ్లు మండి తనూ, మూడో అంతస్తు టీచరమ్మా కలిసి హాలు అడిగి తీసుకున్నారు. ఎవరైనా రావచ్చు. కాళ్లకి ఇనప పట్టీలు వేసుకున్న పిల్లాడు వచ్చాడు. అందర్నీ కొరికే టైలరమ్మ కూతురు వచ్చింది. దాని గొంతు విని అందరూ ఉరుమని పేరు పెట్టారు. ఏ పిల్లలూ లేని పెద్దావిడ ఒకరు ఊరికే వచ్చి కూచుని, ఇప్పుడు కథలు చెబుతోంది. కాన్పయ్యాక గది దాటి బయటికి రాని కోడలుపిల్ల, చంటిదాన్నెత్తుకుని వచ్చి మొదటి శనివారమంతా ఏడ్చి, తరవాత నవ్వడం మొదలుపెట్టింది. "ఆడుకోడానికి కూడా ఒక సంఘమా?" అని ఆ పిల్ల అత్తగారు మూతి తిప్పుకుంది గానీ, ఆవిడా కిటికీలోంచి చూడకుండా ఉండలేకపోయేది.

అక్కడ ఒకటే పద్ధతి. అది ఆమె పెట్టిందే. మధ్యలో బోర్లించిన పెద్ద స్టీలు గిన్నె ఉంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గరిటెతో ఒక్క దెబ్బ కొట్టాలి. అందరూ కొట్టాకే ఆట మొదలు. గువ్వ గరిటె పట్టుకుని ఎంతసేపైనా నిలబడిపోతుంది. అంతసేపూ ఎవరూ కదలకూడదు. మొదట్లో ఉరుము అరిచి గోల చేసేది. తరవాత్తరవాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టడం నేర్చుకుంది. కొరకడం ఎప్పుడు మానేసిందో వాళ్లమ్మకే గుర్తులేదు.

"వదినా, చాపలు ఆరాయా? పిల్లలొచ్చేస్తున్నారు," అంటూ టీచరమ్మ పైకొచ్చింది.

"పిల్లలేంటి? ఇవాళ బుధవారం కదమ్మా. రంగులు వేస్తున్నారుగా?"

టీచరమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది. "రంగులా? బుధవారానికి మార్చాం కదా వదినా. అన్నయ్యగారు... మీరే ఇక రామన్నారని..."

ఆమె గుచ్చి గుచ్చి అడిగితే టీచరమ్మ ఒక్కొక్కటే చెప్పింది. కొత్తగా చేరినవాళ్లకి ఆలస్యమవుతోందట. గువ్వ కోసం ఎదురుచూస్తూ కూచుంటే తమ పిల్లలు వెనకబడిపోతారని భయమట. పెద్దవాళ్లంతా కూచుని మాట్లాడుకుంటుంటే ఆయనే లేచి, 'మా పాప రాదులెండి, మీకేం ఇబ్బంది లేదు' అన్నాడట. ఎవరూ వద్దనకముందే!

"నువ్వూ ఉన్నావా అక్కడ?"

"ఉన్నాను వదినా. కన్నతండ్రే అన్నాక నేనేం అనను?"

అందరూ తీరిగ్గా కూచుని అన్నీ ఆలోచించారు. రోజు మార్చారు, వేళ మార్చారు. ఆమెకి చెప్పాల్సిన అబద్ధం ఆయన విడిగా కుదుర్చుకున్నాడు. చాపలు ఎవరింట్లో ఉన్నాయో మాత్రం ఇవాళ్టిదాకా ఒక్కరికీ గుర్తు రాలేదు. అవి వాటంతటవే శుభ్రపడి హాల్లోకి నడిచొస్తాయనుకున్నారు కాబోలు.

ఆమె ఆఫీసుకి ఫోన్ చేసింది.

"బాధపడతావని చెప్పలేదు," అన్నాడాయన. "నీకూ కాస్త విశ్రాంతి ఉంటుంది కదా."

"రంగులని ఎందుకు చెప్పారు?"

"ఏదో ఒకటి చెప్పాలిగా! నలుగురూ దాన్ని చూసి జాలిపడుతుంటే నాకెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

"మీరు ఒక్కసారైనా హాల్లోకొచ్చి చూశారా?"

అవతలినుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆమె ఫోన్ పెట్టేసింది. పార్కులో పిల్లల్ని పక్కకి లాక్కున్న తల్లులందరి మీదా ఇన్నాళ్లూ కోపం పెట్టుకుంది. వాళ్లకి గువ్వ ఏమవుతుంది పాపం? అలా పక్కకి లాగే చెయ్యి తన ఇంట్లోనే, తన పక్కనే ఉందని తెలుసుకోలేకపోయింది.

తడి చాపలు చుట్టి భుజాన వేసుకుంది. "పదవే గువ్వా," అంది.

హాల్లో కొత్త తల్లులు ఆమెని చూసి మాటలు ఆపేశారు. ఆమె ఎవరినీ పలకరించలేదు. చాపలు పరిచింది. మధ్యలో గిన్నె బోర్లించింది. పిల్లలు అలవాటుగా వరసలో వచ్చి ఒక్కో దెబ్బ కొట్టి కూచున్నారు. గువ్వ గరిటె అందుకుని నిలబడిపోయింది.

"సరే, సరే, ఇక మొదలుపెడదామా?" అంటూ ఒక కొత్త తల్లి చప్పట్లు కొట్టింది.

పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. ఉరుము నోటిమీంచి చెయ్యి తీసి, వింతగా చూసింది. "ఆంటీ, గువ్వ ఇంకా కొట్టలేదుగా!" అని, మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తల్లి కొడుకు కూడా, నిన్నకాక మొన్న చేరినవాడు, తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. టీచరమ్మ తల దించుకుంది. చాలాసేపటికి గరిటె మెల్లగా కిందికి దిగి గిన్నెని తాకింది. ఠంగుమని కూడా అనలేదు, చిన్నగా టిక్కుమంది. హాలంతా ఈలలు, కేకలు. గువ్వ చెవులు మూసుకుంది గానీ, అరవలేదు.

సాయంత్రం ఆయన గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "కిందికెళ్లావట! మనం రామని నేను చెప్పాక నా మాటకేం విలువుంది?"

ఆమె గువ్వకి అన్నం కలుపుతోంది. తలెత్తలేదు.

"మీరు రారని చెప్పుకోండి," అంది. "అది నిజమే కదా. మా ఇద్దరి తరఫున మాత్రం ఇంకెక్కడా నోరెత్తకండి."