పిండి గంతలు

ఆ పనికి మైదాపిండి కలిపేటప్పుడు నూనె చుక్క కూడా వెయ్యదు సారా. నూనె తగిలితే కళ్ళు మండుతాయి. ఉప్పు అసలే పనికిరాదు. గోరువెచ్చని నీళ్ళు పోసి గట్టిగా పిసికి, నిమ్మకాయంత ముద్దలు రెండు చేసి, తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే సాయంత్రం దాకా ఆరకుండా ఉంటాయి. గారడీ ఆట మొదలయ్యే ముందు భర్త ఇస్సాకు ఆ ముద్దల్ని ఆమె మూసిన కళ్ళ మీద ఒత్తుతాడు. పైన నల్ల వెల్వెట్ గుడ్డ మడతలు వేసి కట్టి, జనంలో ఎవరినైనా పిలిచి ముడి లాగి చూసుకోమంటాడు. ఎంత అనుమానం మనిషైనా ఆ పిండిని చూశాక నోరు మూసుకుంటాడు. పెళ్ళయిన రెండో ఏడు నుంచీ ఇదే వరస.

డబ్బా మూతపెట్టి, చేతులు కడుక్కుని, సారా మళ్ళీ చొక్కా ఒళ్ళోకి లాక్కుంది. తెనాలి బజారులో ఇద్దరు టైలర్లకు ఆమె కాజాలు కుట్టిపెడుతుంది. సన్నటి మనిషి, నలభై దాటాయి. సూది పొడిచి పొడిచి చూపుడువేలి కొస గరుకు తేలింది. మెడ ఎప్పుడూ కాస్త ముందుకు వంగే ఉంటుంది, చర్చిలో పాట పాడేటప్పుడు కూడా. వీధిలో ఎదురైతే ఎవరూ ఆగి చూడరు. స్టేజి మీద మాత్రం నిటారుగా కూర్చుని, ఎక్కడో జనం మధ్య నిలబడ్డ ఇస్సాకు చేతిలో ఉన్నది వాచీయో, కలమో, తాళంచెవో గంతలతోనే చెప్పేస్తుంది. ఇందులో మహిమ ఏమీ లేదు. ఒక్కో వస్తువుకు ఒక్కో తీరుగా అడుగుతాడు, ఆమె గుర్తుపెట్టుకుంటుంది. అదీ కాజా కుట్టడంలాంటిదే. ధ్యాస తప్పకూడదు, అంతే.

ఇస్సాకు గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి, దారానికి కట్టిన నల్లకోటు గుండీని ఊపుతున్నాడు. సైకిలు షాపులో పంక్చర్లు వేసే ఆ చేతులకు గోళ్ళ సందుల్లో నలుపు ఎన్నడూ వదలదు. ఇవాళ మాత్రం కుంకుడు రసంతో పట్టి పట్టి రుద్దాడు. ఆ గుండీ సారా కుట్టుపని డబ్బాలోదే.

"నీవు గాఢనిద్రలోనికి జారుకొనుచున్నావు," అన్నాడు అద్దంలోని తనతో.

"ఆయన తర్వాత నిద్రపోతాడు గానీ, ముందు మీరు టిఫిన్ తినండి," అంది సారా.

నవ్వుతూనే అంది. కుడుతున్న కాజా మాత్రం వంకర పోయింది.

ఈ హిప్నాటిజం మోజు అతనికి ఊరికే పుట్టలేదు. పుట్టించింది ఆమే. గంతలు విప్పగానే ఆమె పని అయిపోదు. ఆడవాళ్ళు కాచుకుని ఉంటారు. ముక్కుపుడక ఎక్కడ పోయిందమ్మా, గేదె ఎటు వెళ్ళిందమ్మా, అబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందమ్మా. కళ్ళు మూసుకుని అంత చెప్పిన మనిషి తెరిస్తే ఇంకెంత చెబుతుందోనని వాళ్ళ ఆశ. తెలియదంటే ఆట పరువు పోతుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. ఒకసారి సముద్రం దగ్గరి అడవులదీవిలో ఆడారు. అప్పటికి తుఫాను వెళ్ళి వారమైంది. ఆట అయ్యాక, చంకలో పిల్లనెత్తుకున్న ఒక అమ్మాయి వచ్చి సారా చెయ్యి పట్టుకుంది. మా ఆయన వెళ్ళిన పడవ తిరిగొస్తుందా అని అడిగింది. వస్తుందమ్మా అంది సారా. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. పడవ వచ్చిందో లేదో సారాకు ఈనాటికీ తెలియదు. కాజా కుడుతుంటే ఆ ముఖం సూది పక్కనే కనబడుతూ ఉంటుంది.

"ఇంక ఇది నావల్ల కాదండి," అంది ఇంటికి రాగానే.

ఇస్సాకు ఆటకు వేసుకునే నల్లకోటు విప్పి మేకుకు తగిలించాడు. ఆట మానేస్తే పస్తులేమీ ఉండరు. కానీ ఆ నల్లకోటు వేసుకున్నప్పుడు తప్ప అతన్ని ఇస్సాకు గారూ అని పిలిచేవాళ్ళు లోకంలో లేరు. ఆ సంగతి సారాకూ తెలుసు. చివరికి అతనే దారి వెతికాడు. హిప్నాటిజం నేర్చుకుంటే, జనంలోంచే ఎవరినో ఒకరిని పిలిచి నిద్రపుచ్చవచ్చు. అప్పుడిక గంతలూ అక్కర్లేదు, ఆమె రావలసిన పనీ లేదు.

బాపట్లలో వెంకటరత్నం గారని, రిటైరైన గుమస్తా ఒకాయనకు ఈ విద్య వచ్చు. ఇస్సాకు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి, రైలెక్కి ఆయన దగ్గరికి పోయేవాడు. ఆయన నోట వచ్చేదంతా పాత పుస్తకాల భాష. ఇస్సాకు విద్యతోపాటు ఆ భాషనూ ఇంటికి పట్టుకొచ్చాడు. ముందు ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగించు, వాళ్ళు నిద్రపోతే ఊళ్ళోవాళ్ళు ఒక లెక్కా అన్నారట ఆయన.

మొదటిరోజు సారాను కూర్చోబెట్టి, గుండీ ఊపుతూ, "నీ కనురెప్పలు బరువెక్కుచున్నవి," అన్నాడు. అన్నం పెట్టు, చొక్కా ఏదీ, అదేంటి, ఇదేంటి అని తప్ప మాట్లాడి ఎరగని మనిషి. సారాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే చిన్నబుచ్చుకుంటాడని పెదాలు బిగబట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది. అంతే. "నిద్రపోయింది," అని అతను తనలో తను గొణుక్కోవడం వినబడింది. ఆ గొంతులో సంతోషం విన్నాక కళ్ళు తెరవడానికి ఆమెకు మనసొప్పలేదు. మర్నాడూ తెరవలేదు. అలా నెలలు గడిచాయి. చెయ్యి ఎత్తమంటే ఎత్తింది. పచ్చి ఉల్లిపాయ చేతికిచ్చి ఆపిల్ పండు తినమంటే, తిని, తియ్యగా ఉందని కూడా చెప్పింది.

ఇప్పుడు ఆమె నటనను నమ్ముకుని అతను రేపల్లెలో, ఒక స్కూలు వార్షికోత్సవంలో, గంతల ఆట కాగానే, ముక్కూమొహం తెలియని మనిషిని నిద్రపుచ్చబోతున్నాడు. విద్య పారకపోతే అతను నవ్వులపాలు. ఆ తర్వాత ఆమెకు మళ్ళీ పిండి కలపడం, మళ్ళీ గంతలు, మళ్ళీ ఆడవాళ్ళ ప్రశ్నలు. తన గొయ్యి తనే తవ్వుకున్నట్టయింది.

రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన కూర్చుంది. వేమూరు వచ్చేలోగా చెప్పేద్దామనుకుంది. వేమూరు వెళ్ళిపోయింది. భట్టిప్రోలు వచ్చింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఒకవేళ ఆ మనిషి నిద్రపోకపోతే?"

"నువ్వు నిద్రపోలేదా?" అన్నాడు ఇస్సాకు, కోటు మీద దుమ్ము దులుపుకుంటూ. "అంత మొండిదానివి నువ్వే నిద్రపోయావు. వాళ్ళెంత."

సారా కోతలైపోయిన చేలవంక చూస్తూ కూర్చుంది.

స్కూల్లో పందిరి కింద పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. ప్యూను పున్నయ్య ఆమెకు స్టూలు తెచ్చి వేసి, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, మడమలు పగిలి ఉన్నాయి. బెంచీలు మోసి మోసి ఖాకీ చొక్కా వీపు మీద చెమట చారలు తెల్లగా కట్టాయి. పై కాజా చిరిగి ఉండడం సారా కంటపడింది. అలాంటివి ఆమె కంటపడకుండా పోవు.

"కూర్చోండమ్మా, నిలబడ్డారేం," అన్నాడు. కానీ అతను కూర్చోగా ఆమె చూడలేదు.

పిండి కళ్ళ మీద చల్లగా అతుక్కుంది. ముడి బిగిసింది. వాచీ, కలం, దువ్వెన, హెడ్మాస్టరు గారి పొడుం డబ్బా. ఒక్కటీ తప్పలేదు. చప్పట్లు మోగాయి. ఆమె గంతలతోనే కూర్చుని ఉండగా ఇస్సాకు హిప్నాటిజం సంగతి చెప్పి, ఎవరైనా రమ్మన్నాడు. లెక్కల మాస్టారు వచ్చారని పిల్లల కేకలను బట్టి తెలిసింది.

"నీ కనురెప్పలు బరువెక్కుచున్నవి."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఇస్సాకు మళ్ళీ అన్నాడు. ఇంకోసారి అన్నాడు. సారా చీరకొంగు పిడికిట్లో నలుగుతోంది.

"నాకేమీ అవటం లేదయ్యా," అన్నారు మాస్టారు. పందిరంతా గొల్లుమంది. కుర్చీ కిర్రుమంది, ఆయన దిగి వెళ్ళిపోయారు. తను ఇంట్లో మొదటిరోజే పగలబడి నవ్వి ఉంటే ఈ నవ్వులు ఇక్కడ పడేవి కావు కదా అనుకుంది సారా. పిండి కింద ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

ఎవరో కుర్చీ తీసెయ్యడానికి వచ్చినట్టున్నారు. "పున్నయ్యని నిద్రపుచ్చండి, పున్నయ్యని," అని పిల్లలు అరిచారు.

ఇస్సాకు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అది వెంకటరత్నం గారి గొంతు కాదు. సైకిలు షాపు ఇస్సాకుదే.

"కూర్చో అన్నా. పర్లేదు, కూర్చో. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు గదా. కాళ్ళు చాపుకో. పనంతా అయిపోయింది. ఇంక నిన్నెవరూ పిలవరులే. ఆ కళ్ళు మంటగా ఉన్నాయి, మూసుకో. నేనిక్కడే ఉంటాను. నువ్వు పడుకో."

తొందర లేదు ఆ గొంతులో. గుండీ కూడా ఊపుతున్నట్టు లేదు. తనకు జ్వరం వచ్చినప్పుడు ఇలాగే మాట్లాడతాడని సారాకు గుర్తొచ్చింది. పిల్లల అలికిడి తగ్గింది. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, చిన్నగా మొదలై గుర్రుమని సాగింది ఒక గురక.

సారా ఒంట్లో బిగువంతా ఒక్కసారి వదిలింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ఇస్సాకు చప్పట్లు చరిచాడు. "ఇంక లే అన్నా." మళ్ళీ చరిచాడు. గురక ఆగి, మళ్ళీ మొదలైంది. నేర్చుకున్న పద్ధతులన్నీ అయిపోయినట్టున్నాయి, అతని గొంతు సన్నబడింది.

"ఏంటయ్యా, లేవడేంటి? మనిషికేమన్నా అయితే ఎవరు జవాబు చెప్పేది?" అన్నారు హెడ్మాస్టరు.

ఇన్నేళ్ళలో సారా స్టేజి మీద తన గంతలు తను విప్పుకోలేదు. ఇప్పుడు ముడి లాగేసింది. ముద్దలు రెండూ ఊడదీసి, గుడ్డతో సహా స్టూలు మీద పెట్టి, ఎండ కళ్ళలో పడుతుంటే తడుముకుంటూ వెళ్ళి పున్నయ్య పక్కన కూర్చుంది. దొంగనిద్ర ఎలా ఉంటుందో ఆమెకంటే తెలిసినవాళ్ళు లేరు. దొంగనిద్రలో రెప్పలు అదురుతాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పున్నయ్య చెయ్యి కుర్చీ పక్కనుంచి వేలాడుతోంది. నోరు తెరుచుకుని ఉంది, చొంగ గడ్డం దాకా కారింది.

"ఏం కాలేదండి," అంది. "నిద్రపోయాడు. మామూలు నిద్రే."

హెడ్మాస్టరు వంగి చూశారు. ఆయన ముఖంలో కోపం పోయింది. "వారం నుంచీ ఈ పందిళ్ళకీ బెంచీలకీ తిరుగుతూనే ఉన్నాడు. ఇంట్లో మనవడికి జ్వరమట," అన్నారు మెల్లగా. తన కండువా తీసి అతని మీద కప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టబోతే వద్దని చెయ్యి ఊపారు. ఇస్సాకు ఆటల్లో అన్నిటికంటే బాగా పండిన ఆటకు చప్పట్లే లేవు. అంతమంది పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకరినొకరు ఉష్ ఉష్ అనుకుంటూ బయటికి నడిచారు.

మెట్ల దగ్గర రంగమ్మ అనే ముసలామె కాచుకుని ఉంది. చెవి దిద్దు పోయిందట. ఎక్కడుందో చెప్పమ్మా అంది.

"నాకేమీ తెలియదండి," అంది సారా. "నేను కాజాలు కుట్టుకునేదాన్ని."

రంగమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"పోన్లే తల్లీ. ఇంట్లోనే ఎక్కడో పడుంటుంది," అని వెళ్ళిపోయింది.

ఇంత తేలికా అనుకుంది సారా. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తిరుగు రైలు కదిలి, రేపల్లె ఇళ్ళు వెనకబడ్డాక చెప్పింది.

"ఇన్నాళ్ళూ నేను నిద్రపోలేదండి. ఒక్కరోజు కూడా."

ఇస్సాకు ముఖం పాలిపోయింది. "మరి ఉల్లిపాయ?"

"ఉల్లిపాయలాగే ఉందండి."

అతను చాలాసేపు తన చేతులవంక చూసుకున్నాడు. "పున్నయ్య కూడా మరి..."

"లేదండి. చొంగ కార్చాడు. నేనెప్పుడూ కార్చలేదు."

ఇస్సాకుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎదురు బల్ల మీదివాళ్ళు తిరిగి చూసేటంతగా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "పొద్దున చెప్పుంటే నేను స్టేజి ఎక్కేవాణ్ణి కాదు."

అందుకే చెప్పలేదు అందామనుకుంది. అది నిజం కాదు. "భయమేసి చెప్పలేదండి," అంది.

అతను తలూపాడు. వచ్చే నెల బాపట్లలో ఒక ఆట ఉందని గుర్తుచేశాడు.

"మీరు వెళ్ళిరండి," అంది సారా. ఇస్సాకు సరేనన్నట్టు ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు. కాస్త దూరం పోయాక, "గంతలు సంచిలో పెట్టావా?" అని అడిగాడు.

"అక్కడే వదిలేశానండి."

సారా తల కిటికీకి ఆనించింది. భట్టిప్రోలు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో ఆమెకు తెలియలేదు.

రేపల్లెలో, ఖాళీ పందిరి కింద పున్నయ్య ఇంకా నిద్రపోతూనే ఉన్నాడు. పక్కన స్టూలు మీద, నల్ల వెల్వెట్ గుడ్డలో, ఆమె రెప్పల ముడతలు అచ్చుపడిన పిండిముద్దలు రెండు నెమ్మదిగా ఆరుతున్నాయి.