ముందు ప్రోటోకాల్ రాయకపోతే

"ఇంట్లోనే ఉంటావు కదా, ఆ తోటకూర కాస్త బాగుచేసి వండెయ్," అన్నాడు భర్త ఉదయ్‌భాస్కర్ ఆఫీసుకి బయల్దేరుతూ. వర్షిణి ఇంట్లోనే ఉంటుంది, నిజమే. కాకినాడలో ఆ రెండు గదుల వాటాలో భోజనాల బల్లే ఆమె ఆఫీసు.

ఆమె పరీక్షించేది ఫైళ్లు పంపి, తెచ్చిపెట్టే ఒక టూల్‌ని. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర మీద కమాండ్ టైప్ చెయ్యాలి. అడ్రసు ముందు ప్రోటోకాల్, అంటే ఫైలు ఏ పద్ధతిలో వెళ్లాలో చెప్పే పేరు, రాయకపోతే ఏది వాడాలో ముందే చెప్పి పెట్టుకోవచ్చు. ఆవేళ ఆమె కావాలనే లేని ప్రోటోకాల్ పేరొకటి ఇచ్చింది. తెలియదని చెప్పి ఆగాల్సిన టూల్ కిమ్మనకుండా, ఏ రక్షణా లేని మామూలు హెచ్‌టీటీపీలో వెళ్లి ఫైలు తెచ్చేసింది.

టీమ్ లీడ్ పల్లంరాజు కాల్‌లో నవ్వాడు. "అలా ఎవరు కొడతారండీ? ఫైలొచ్చింది కదా, పాస్ అని పెట్టెయ్యండి."

"భద్రంగా పంపే ప్రోటోకాల్ పేరే ఇవ్వబోయి ఒక్క అక్షరం తప్పు కొట్టాననుకోండి. నా ఫైలుని బట్టబయలుగా పట్టుకెళ్తుంది. నాకు తెలియను కూడా తెలియదండీ."

"సరే, టూల్‌లో తప్పుందని బగ్ వెయ్యండి," అన్నాడు.

సాయంత్రం ఉదయ్‌భాస్కర్ వాళ్లక్కతో ఫోన్లో అంటున్నాడు: "మోకాలి ఆపరేషన్ అవ్వగానే అమ్మని నిడదవోలు నుంచి ఇక్కడికి తెచ్చేస్తానక్కా. వర్షిణి ఉందిగా, రెండు నెలలు సెలవు పెడుతుంది. దాన్ని అడిగేదేముంది?"

వంటింట్లో వర్షిణి చెయ్యి ఆగిపోయింది. గ్యాస్ బండ బుక్ చెయ్యడం, అత్తగారి బీపీ మాత్రలు, ఆడపడుచు పురుడు... ఏదీ ఎవరూ ఆమెకి అప్పగించలేదు. ఎవరిదని చెప్పని పనులన్నీ వాటంతటవే నడిచొచ్చి ఆమె దగ్గర ఆగాయి. 'నువ్వు సర్దుకుపోతావులే' అని అతను మెచ్చుకోలుగా అనేవాడు. మొదట్లో ఆ మాటకి పొంగిపోయింది కూడా. అత్తగారికి చెయ్యడం ఆమెకి బరువు కాదు. ఒక్కసారి, చేస్తావా అని అడిగి, తను ఆలోచించుకునేదాకా ఆగి ఉంటే ఎలా ఉండేదో అనిపించింది.

చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది. అతను అప్పటికే ఫోన్ పెట్టేశాడు. ఆమె తన ఫోన్లో అత్తగారికి కలిపి, స్పీకర్ పెట్టింది.

"అత్తయ్యా, ఆపరేషనయ్యాక మీకు ఎక్కడ ఉండాలనుంది?"

"నన్నా అమ్మాయ్, అడుగుతున్నావు?" అంది అత్తగారు అమ్మాజీ. "నాకు ఇక్కడే ఉండాలనుంది. మా చెల్లెలు వచ్చి తోడుంటానంటోంది. నీ ఉద్యోగం పాడుచేసుకోకు. మొదటి వారం మటుకు వాణ్ణి రమ్మను. నన్ను లేపి నడిపించడానికి ఒంట్లో సత్తువున్నవాడు కావాలి."

"నాకు సెలవెక్కడ ఇస్తారమ్మా?" అన్నాడు ఉదయ్‌భాస్కర్ గాభరాగా.

"అడిగి చూశావురా?"

వర్షిణి ఫోన్ అతని చేతిలో పెట్టింది. వంటింట్లోకి వెళ్లి, తనొక్కదానికే కంచం పెట్టుకుని, వేడివేడిగా వడ్డించుకుంది.