ఏడో ఎలుక

పోస్టరు ఎడమ మూల ఇంకా వేలెడు కిందికి ఉందని దాని తాలూకు అమ్మాయి అన్నప్పుడు మైనం బాబాయి నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. అందుకని "ఊఁ" అని మాత్రం అన్నాడు. స్టూలు మీద మునివేళ్ళపై లేచి, మూల పైకి జరిపి, ఒక్కొక్క సూదే నోట్లోంచి తీసి గుచ్చాడు. పొద్దున్న ఏడున్నర నుంచి ఇది పద్ధెనిమిదోది. ఇంకా పదమూడున్నాయి.

వైద్య కళాశాల మొదటి అంతస్తు నడవాలో రెండు వరసల బోర్డులు నిలబెట్టారు. చుట్టుపక్కల కాలేజీల్లో జీవశాస్త్రం చదివేవాళ్ళూ, వైద్యం చదివేవాళ్ళూ, వాళ్ళ గురువులూ రెండేళ్ళకోసారి కలుసుకునే సదస్సు అది. ఈసారి వంతు ఈ కాలేజీది. ఇలాంటి చోట పెద్దలకి మైకు దొరికితే వదలరు, పిల్లలకి బిస్కెట్ల బల్ల దొరికితే వదలరు. బోర్డులు మోయడానికి మాత్రం ఎవరూ దొరకరు. అందుకని విభాగాల నుంచి తలా ఒకరిని లాక్కొచ్చి, మెడలో "కార్యకర్త" అన్న కార్డు వేశారు. బాబాయి కార్డు మాటిమాటికీ వెనక్కి తిరిగిపోతోంది. ఆయన సరిచేసుకోవడం మానేశాడు.

ఆయన అసలు పని వేరు. లోపలి అవయవాల ముక్కల్ని మందులో నానబెట్టి, మైనంలో పోతపోసి, యంత్రం మీద వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకి కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేసి ఇస్తాడు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసేది, పేరు పెట్టేది, పేరు తెచ్చుకునేది వేరేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళుగా చేస్తున్నాడు గనక పిల్లలు ఆయనకి మైనం బాబాయి అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఇవాళ్టితో అందులోనూ ఉండదు. ఇవాళ ఆయన రిటైరవుతున్నాడు.

సాయంత్రం ముగింపు సభలో విభాగానికి పెద్ద అయిన మేడమ్ ఆయన గురించి నాలుగు మాటలు చెబుతుంది. ఆ నాలుగు మాటలూ టైపు చేసిన గుమాస్తా నిన్ననే చూపించాడు. "ఇన్నేళ్ళలో ఈయన చేతి మీదుగా ఒక్క చెడ్డ స్లైడు కూడా బయటికి రాలేదు" అని ఉంది. బాబాయి ఆ వాక్యం మూడుసార్లు చదువుకుని, ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ కుడిపక్క ఇంటికీ, ఎడమపక్క ఇంటికీ, ఫోనులో తన చెల్లెలికీ చెప్పింది. "మేడమ్ అన్నది అన్నట్టు గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పండి. మీకసలే మతిమరుపు" అని పొద్దున్న గుమ్మం దాకా వచ్చి మరీ హెచ్చరించింది.

నాలుగో సూది గుచ్చి స్టూలు దిగి, పోస్టరు తిన్నగా ఉందో లేదో చూడడానికి రెండడుగులు వెనక్కి వేశాడు. తిన్నగానే ఉంది. మధ్యలో కంచమంత ఫొటో. ఎలుక ప్లీహం. గులాబీ రంగూ, నీలం రంగూ చక్కగా పట్టాయి. ఆ రంగులు తన చేతివే. దాని నిండా గోధుమరంగు, నలుపు కలిసిన రేణువులు, మిరియాల పొడి చల్లినట్టు.

"ఎలా ఉంది బాబాయ్?" అంది ఆ అమ్మాయి. మందుల విభాగంలో పరిశోధన చేస్తోంది. పెద్ద కళ్ళజోడు, దానికంటే పెద్ద నవ్వు. "ఆ చుక్కలే నా రెండేళ్ళ కష్టం. మందు తిన్న పన్నెండు ఎలుకల్లోనూ ఉన్నాయి. తినని పన్నెండింటిలో ఒక్క చుక్క లేదు. అంటే మందు రక్తకణాల్ని విరగ్గొడుతున్నట్టేగా! మూడు గంటలకి జడ్జీలొస్తారు. మా సారైతే బహుమతి నీదే అంటున్నారు."

"బాగుందమ్మా" అన్నాడు బాబాయి. ఆయన గొంతు ఆయనకే బాగాలేదు.

మిగిలిన పదమూడు పోస్టర్లూ ఎలా గుచ్చాడో ఆయనకి గుర్తులేదు. ఒకటి తలకిందులుగా పెడితే దాని తాలూకు కుర్రడాక్టరు అరిచి చెప్పాడు.

ఈ పని నేర్పిన ముసలాయన ముప్పై నాలుగేళ్ళ కింద ఓ మాట అన్నాడు. "మిరియాల పొడి కనిపిస్తే అది రోగం కాదురా, నీ బద్ధకం." ముక్కల్ని నానబెట్టే ఫార్మలిన్ పాతబడితే పులుస్తుంది. పులవకుండా రెండు రకాల ఉప్పులు కలిపి ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకోవాలి. పులిసిన దాంట్లో నెత్తురు ఎక్కువగా ఉండే అవయవాన్ని వేస్తే ఇలాంటి రేణువులే పడతాయి. కిందటేడు వానల్లో ఓ శుక్రవారం ఉప్పులు అయిపోయాయి. స్టోరు గుమాస్తా సోమవారం రమ్మన్నాడు. మూడు రోజుల్లో ఏం కొంప మునుగుతుందిలే అనుకుని, మూలనున్న పాత క్యాను వంచాడు బాబాయి. ఆ వారం ఆయన ఒంట్లో బాగానే ఉంది, ఇంట్లోనూ అందరూ బాగానే ఉన్నారు. చెప్పుకోవడానికి ఒక్క సాకు కూడా లేదు. ఆ క్యానులోకి వెళ్ళినవి మందు తిన్న ఎలుకల ముక్కలు. తినని వాటి ముక్కలు తర్వాతి వారం కొత్త ఫార్మలిన్‌లోకి వచ్చాయి.

స్లైడు అయ్యాక ముక్క చిరిగిందా, మడత పడిందా, రంగు పట్టిందా అని పైపైన చూసి పంపేయడం ఆయన అలవాటు. లోపలికి చూడడం తన పని కాదు. అది ఇలా కంచమంతై ఎదురుగా నిలబడుతుందని ఎవరనుకుంటారు?

తొమ్మిదిన్నరకి ప్రారంభ ఉపన్యాసం మొదలైంది. బాబాయి కార్డు తీసి జేబులో పెట్టుకుని మేడ దిగి తన గదికి వెళ్ళాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రేపటి నుంచి తాను ఈ గదికే రాడు. ఆ పిల్లకి బహుమతి వస్తుంది, తనకి మేడమ్ మాట వస్తుంది. ఎప్పుడో ఇంకెవరో ఇదే మందు మళ్ళీ ఎలుకలకి పెడతారు, చుక్కలు రావు. అప్పుడు నలుగురిలో తలదించుకునేది ఆ పిల్ల. ఇదంతా ఆయన బల్ల తుడుస్తూ ఆలోచించాడు. బల్ల అప్పటికే శుభ్రంగా ఉంది.

అయినా పొరపాటు పడుతున్నానేమో! ఉత్తి అనుమానంతో ఒకరి నోట్లో మట్టి కొట్టకూడదు. పరీక్ష ఉంది. పసుప్పచ్చటి పిక్రిక్ ఆమ్లాన్ని ఆల్కహాలులో కలిపి ముక్కని అందులో ఉంచితే, ఫార్మలిన్ వేసిన చుక్కలు కరిగిపోతాయి. ఒంట్లో నిజంగా పుట్టినవైతే చెక్కుచెదరవు.

మూడో అరలోంచి ఏడో ఎలుక మైనపు దిమ్మ తీశాడు. ఏడోదే ఎందుకంటే పోస్టరు మీదున్నది అదే. దాన్ని కాసేపు ఐసు మీద పెట్టి, యంత్రానికి కొత్త బ్లేడు బిగించి, పిడి తిప్పాడు. రెండు మూడు పొరలు పొడి పొడిగా రాలాయి. దిమ్మ మీద నోటితో వెచ్చగా ఊదాడు. ఈసారి తెల్లటి నాడాలా సాగింది. చొక్కా జేబులో పెన్ను పక్కన ఉండే సన్నటి వెంట్రుకల కుంచె తీసి, నాడా కొసని దాంతో అందుకున్నాడు. ఆ కుంచె ఆయన ఎవరికీ ఇవ్వడు. పిడికి చుట్టిన టేపు ఆయన బొటనవేలి గుంట పడి నల్లబడింది. పెద్ద మేడమే ఓసారి అడిగితే కొత్తది తెప్పించి ఇచ్చాడు గాని ఇది ఇవ్వలేదు.

నాడాని గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలి, ముడతలు విప్పుకున్నాక రెండు ముక్కల్ని ఒకే పలక మీదికి ఎక్కించాడు, ఒకటి పైన, ఒకటి కింద. ఆరబెట్టి, మైనం వదిలించి, పసుప్పచ్చ సీసాలో నిలబెట్టాడు. కింది ముక్క మునిగింది, పైది మునగకుండా బయటే ఉంది. పైది ఎండిపోకుండా అయిదు నిమిషాలకోసారి ఆల్కహాలు చుక్క వేస్తూ గంటంపావు కూర్చున్నాడు. అందుకే భోజనానికి లేవలేదు.

మధ్యలో భార్య ఫోను చేసింది.

"అన్నం డబ్బా ఖాళీ చేశారా?"

"ఇంకా లేదు. చిన్న పని పడింది."

"ఆఖరి రోజున కూడానా? మీరు లేకపోతే ఆ ఎలుకలకి తెల్లవారదు కాబోలు. మేడమ్ చెప్పేశారా?"

"సాయంత్రం."

"అన్నది అన్నట్టు చెప్పాలి మరి" అని పెట్టేసింది.

కడిగి, రంగులు వేసి, అద్దం అతికించి సూక్ష్మదర్శిని కింద పెట్టేసరికి పావుతక్కువ రెండు. పై ముక్కలో మిరియాల పొడి అలాగే ఉంది. కింది ముక్కలో వెతికితే ఒక్కటి లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కినవాడు కడగడమైనా కడగాలిగా అనుకుని, వజ్రపు మొన కలంతో గాజు అంచున ఏడు అంకె వేసి, పైకి కబురంపాడు.

ఆ అమ్మాయి చేతిలో టీ కప్పుతో వచ్చింది. "ఏంటి బాబాయ్, ఇంకా గంటే ఉంది!"

"ఒక్కసారి చూడమ్మా."

చూసింది. పలకని పైకి జరిపింది, కిందికి జరిపింది, మళ్ళీ పైకి. టీ చల్లారిపోయింది.

"ఇది నాదేనా?"

"నీదే. ఏడో ఎలుక. పక్కపక్క ముక్కలు. కింది దాన్ని పిక్రిక్‌లో పెట్టాను."

ఆ మాటకి అర్థం ఆమెకి తెలుసు. చదువుకున్న పిల్ల. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఫార్మలినా?"

"పాతది వాడానమ్మా. ఆ వారం ఉప్పులు లేవు. నాదే తప్పు."

"ఇప్పుడా చెప్పేది? రెండేళ్ళు, బాబాయ్!" ఆమె గొంతు పైకి లేచింది. "రెండేళ్ళు! రేపు మీరు హాయిగా ఇంట్లో కూర్చుంటారు. నేనేం కావాలి?"

బాబాయి తన కూతురి వయసు పిల్ల ఎదుట బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, స్లైడు తీసుకుని, వెళ్ళిపోయింది. పారేస్తుందో, దాచేస్తుందో ఆయనకి తెలియలేదు. అడిగే హక్కు కూడా లేదనిపించింది.

మూడింటికి ఆయన నడవా చివర మంచినీళ్ళ డబ్బా దగ్గర నిలబడ్డాడు. ముగ్గురు జడ్జీలు. వాళ్ళ వెనక పెద్ద మేడమ్. పద్ధెనిమిదో బోర్డు ముందు బల్ల వేసి ఉంది, బల్ల మీద సూక్ష్మదర్శిని ఉంది. పోస్టరు మీద కంచమంత ఫొటోకి అడ్డంగా తెల్లకాగితం అంటించి, "ఈ రేణువులు మందు వల్ల వచ్చినవి కావు. ఎందుకో చూడండి" అని స్కెచ్ పెన్నుతో రాసింది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

జడ్జీలు ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. "ఈ పరీక్ష ముందే చెయ్యలేదేం?" అన్నాడు వాళ్ళలో పొడుగాయన. "చెయ్యలేదండీ. చెయ్యాల్సింది" అంది ఆ అమ్మాయి. "ఫార్మలిన్ పాతబడింది. మా పొరపాటు."

మా అంది. ఆ మాట వినగానే బాబాయి కాళ్ళు వాటంతటవే కదిలాయి. నీళ్ళ గ్లాసు చేతిలోనే ఉంది.

"ఆ అమ్మాయిది కాదండీ. ఫార్మలిన్ నేను పోశాను. తెలిసే పోశాను, ఏం కాదులే అని."

జడ్జీలు మేడమ్ వైపు చూశారు. మేడమ్ బాబాయి వేళ్ళ వైపు చూసింది. పిక్రిక్‌కి అవి పసుప్పచ్చగా అయ్యాయి. పందొమ్మిదో బోర్డుకి అందరూ కదిలారు.

ముగింపు సభ అనుకున్నదానికంటే గంట ఆలస్యమైంది. బహుమతి చేపల మొప్పల మీద పనిచేసిన కుర్రాడికి వచ్చింది. బాబాయి వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. మేడమ్ టైపు చేసిన కాగితం విప్పి, చదవడం మొదలుపెట్టి, ఒకచోట ఆగి, దాన్ని మడిచేసింది.

"ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. ఇవాళ కూడా పనిచేశారు" అంది.

అంతే. చప్పట్లు కొట్టారు. తాను పోగొట్టుకున్న వాక్యం బాబాయికి గుర్తొచ్చింది. అది అబద్ధమని తెలిసినా కావాలనే అనిపించింది. వచ్చిన వాక్యాన్ని మాత్రం మతిమరుపు మీద నమ్మకం లేక కార్డు వెనక రాసుకున్నాడు. ఇంటికెళ్ళి అన్నది అన్నట్టు చెప్పాలి గదా.

కిందికి వచ్చి తన గది సర్దుతుంటే ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది. మొహం కడుక్కుని వచ్చింది. నవ్వలేదు.

"పిక్రిక్‌లో ఎంతసేపు ఉంచారు?"

"గంటంపావు."

అరచేతిలో రాసుకుంది. "మిగతా పదకొండూ నేను చెయ్యాలి. మా సారు చెప్పారు."

"దిమ్మలు మూడో అరలో ఉన్నాయి. కోసే ముందు ఐసు మీద పెట్టు. కొత్త బ్లేడు వేసుకో. నాడా తెగిపోతుంటే దిమ్మ మీద నోటితో ఊదు."

"రేపు మీరు రారు కదా."

"రాను."

"సరే బాబాయ్" అని వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. ఆయనా అడగలేదు.

తెరవని డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. మైనం కరిగించే పెట్టె స్విచ్చు ఆపబోయి, రేపు పొద్దున్నే ఆ పిల్లకి కావాలి గదా అని వదిలేశాడు. మూడో అర తలుపు తీసి, కాసేపు నిలబడి, మళ్ళీ దగ్గరగా వేశాడు. గది తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి, చీకటి పడకముందే గేటు దాటాడు. రోడ్డు మీదికి వచ్చాక అలవాటుగా చొక్కా జేబు తడుముకున్నాడు. పెన్ను ఒక్కటే తగిలింది.

మూడో అరలో, పదకొండు మైనపు దిమ్మల ముందు, ఓ గాజు గ్లాసులో వెంట్రుకల కొస పైకి పెట్టి నిలబెట్టిన సన్నటి కుంచె ఉంది. పిడికి చుట్టిన టేపు మీద బొటనవేలి గుంట.